పోస్టులో పంపిన బేస్‌బాల్ కార్డు: సంతకం ఎక్కడ చెడుతుంది, ఎలా కాపాడుకోవాలి

అమెరికాలో పాత బేస్‌బాల్ ఆటగాళ్లకు వాళ్ల బొమ్మ అచ్చేసిన కార్డునే పోస్టులో పంపి సంతకం తెప్పించుకునేవాళ్లు చాలామంది. కావలసినవి కార్డు, చేత్తో రాసిన ఒక పేజీ ఉత్తరం, స్టాంపు అంటించిన తిరుగు కవరు. పోతే మళ్లీ కొనలేని కార్డును మాత్రం పంపొద్దు. అదే ఆటగాడి చవక కార్డు పంపండి.

కార్డు వంగి, మూలలు నలిగి వచ్చింది

కారణం: ఉత్తరాలను వేరుచేసే యంత్రం కవరును రోలర్ల మధ్య వంచి లాగుతుంది. కార్డు పెట్టే గట్టి ప్లాస్టిక్ తొడుగు (టాప్‌లోడర్) వంగదు కాబట్టి కవరే చిరగవచ్చు, అదనపు రుసుమూ పడుతుంది.

పరిష్కారం: కార్డును మెత్తటి ప్లాస్టిక్ స్లీవ్‌లో పెట్టి, కార్న్‌ఫ్లేక్స్ లాంటి సీరియల్ డబ్బా నుంచి కత్తిరించిన రెండు అట్టముక్కల మధ్య ఉంచాలి. అట్ట నాలుగు పక్కలా పావు అంగుళం పెద్దదిగా ఉండాలి. టేపు అట్టకే అంటాలి, కొస మడిచి వదిలితే ఆటగాడికి తీయడం సులువు. ఇవే అట్టలు తిరుగు ప్రయాణానికీ పనికొస్తాయి. 1952–56లో టాప్స్ కంపెనీ వేసిన కార్డులు 2⅝ × 3¾ అంగుళాలు. 1957 నుంచి వచ్చిన కార్డులకు సరిపడే 2½ × 3½ కొలత స్లీవ్‌లో వాటిని దూర్చితే ముందు మూలలే పోతాయి.

సిరా చుక్కలుగా విడిపోయింది, లేదా పాకింది

ఇవి ఒకదానికొకటి ఎదురు జబ్బులు. 1991 నాటి స్టేడియం క్లబ్ సిరీస్ లాంటి మెరుపు పూత కార్డుపై సిరా ఇంకదు, చుక్కలు కడుతుంది. చిటికెడు బేబీ పౌడరును దూదితో తేలిగ్గా రుద్ది, పూర్తిగా తుడిచి పంపాలి. పాత కార్డుల్లో ఉపరితలం అరిగినచోట అట్ట సిరాను పీల్చేసుకుంటుంది, గీత అంచులు పాకుతాయి. వీటికి పౌడరు వద్దు, రబ్బరు అసలే వద్దు: అచ్చునే లేపేస్తుంది. అరిగిన కార్డుకు బాల్‌పెన్ మేలు. కాస్త గాడి పడుతుంది కానీ పాకదు. మిగతావాటికి నీలం సన్నమొన షార్పీ (మార్కర్ పెన్ను) అని ఉత్తరంలోనే అడగండి. ముదురు బొమ్మపై నల్ల సిరా కనబడదు. ఆకాశమో తెల్ల జెర్సీయో ఉన్న కార్డు ఎంచుకుంటే సంతకానికి చోటు దొరుకుతుంది.

కవరు వెనక్కి వచ్చింది, లేదా జవాబే లేదు

ఇల్లు మారినవాళ్ల ఉత్తరాలను అమెరికా తపాలా సాధారణంగా 12 నెలలే కొత్త చిరునామాకు మళ్లిస్తుంది. ఈమధ్య ఇతర సేకర్తలకు జవాబొచ్చిన చిరునామానే నమ్మండి. జవాబు రెండు వారాల్లో రావచ్చు, రెండేళ్లు పట్టవచ్చు. అందుకే తిరుగు కవరుకు ఫరెవర్ స్టాంపే వాడాలి, ధర పెరిగినా చెల్లుతుంది. హైదరాబాదు నుంచి పంపేవాళ్లకు మన స్టాంపు అక్కడ పనికిరాదు. అమెరికాలోని చుట్టాల చిరునామాతో తిరుగు కవరు పెట్టించండి.

సంతకం మీద అనుమానం

ఒకే ఆటగాడి రెండు సంతకాలను ఒకదానిపై ఒకటి పెట్టి వెలుతురులో చూడండి. గీతకు గీత అచ్చంగా కలిస్తే అది ఆటోపెన్, అంటే సంతకాలు పెట్టే యంత్రం పని. మనిషి చెయ్యి అంత కచ్చితంగా రెండుసార్లు తిరగదు. ఇతరుల దగ్గర కొనేటప్పుడు ఒక లెక్క గుర్తుంచుకోండి: షార్పీ వచ్చింది 1964లో, పాతతరం ఆటగాడు టై కాబ్ చనిపోయింది 1961లో. షార్పీతో ఉన్న కాబ్ సంతకం నకిలీయే. మీకొచ్చిన కవరును పోస్టు ముద్రతో సహా దాచి, తేదీని కార్డుపై కాక కవరుపైనే పెన్సిల్‌తో రాయండి.