ఈసాన్ పల్లెలో కాపురం: తెలుగువారికి కొన్ని సూచనలు

థాయిలాండ్‌లో ఈశాన్య దిక్కునున్న ప్రాంతాన్ని ఈసాన్ అంటారు. పేరు మన ఈశాన్యమే. మేకాంగ్ నదికి ఇవతల లావోస్‌ను ఆనుకుని, 20 చంగ్‌వాత్‌లుగా, అంటే మన జిల్లాల వంటి పాలనా ప్రాంతాలుగా పరుచుకున్న ఈ వరిపొలాల పీఠభూమిలో, బడిలో పాఠాలు చెప్పడానికి వచ్చినవారు, ఇక్కడివారిని పెళ్లాడి స్థిరపడినవారు, ఉద్యోగ విరమణ తర్వాత ప్రశాంతత కోరి వచ్చినవారు చాలామంది విదేశీయులు కాపురముంటున్నారు. నేను బడిపంతులుగా వచ్చి ఇది ఆరో ఏడు. బ్యాంకాక్‌లో ఎలా బతకాలో చెప్పేవారు కొల్లలుగా ఉన్నారు కాని, పల్లెలో విదేశీయుడి పనులు వేరుగా నడుస్తాయి. ఇక్కడ కాగితం సరిగా లేకపోతే జరిమానా పడుతుంది. మనిషి తెలియకపోతే పనే కదలదు. ఈ రెండింటినీ మొదటి నెలలోనే చక్కబెట్టుకోవాలి.

ముందుగా కాగితాలు

ఇంట్లో దిగిన 24 గంటల్లోగా ఫలానా విదేశీయుడు మా ఇంట్లో ఉంటున్నాడని ఇంటి యజమాని ఇమ్మిగ్రేషన్ కార్యాలయానికి తెలియజేయాలి. ఆ పత్రాన్ని టీఎం 30 అంటారు. పల్లెల్లో అద్దెకిచ్చే పెద్దవారిలో చాలామందికి ఈ నియమం తెలియదు. మా ఇంటి యజమానురాలికీ తెలియదు, నాకూ తెలియదు; బస పొడిగింపు కోసం నూట ఇరవై కిలోమీటర్లు ప్రయాణించి వెళ్లిన రోజున ఆ రసీదు లేదని నన్ను వెనక్కి పంపారు, జరిమానా చట్ట ప్రకారం ఆవిడ పేర పడింది. డబ్బు నేనే కట్టాను కాని, డెబ్బై ఏళ్ల మనిషికి నా వల్ల ఆఫీసులో తల దించుకోవలసి వచ్చిందన్న బాధ ఇప్పటికీ పోలేదు. అందుకే ఇల్లు మాట్లాడుకునేటప్పుడే, అద్దె సంగతి కంటే ముందు, ఈ పత్రం సంగతి తేల్చుకోవాలని గట్టిగా చెబుతున్నాను.

దేశం విడిచి వెళ్లకుండా 90 రోజులు ఉన్న ప్రతిసారీ చిరునామా తెలియజేయాలి. గడువుకు 15 రోజుల ముందు నుంచి 7 రోజుల తర్వాత వరకు వీలుంటుంది. ఆలస్యమైతే 2,000 బాట్ల జరిమానా. ఇది కేవలం చిరునామా నివేదిక మాత్రమే గనుక, దీనితో వీసా గడువు పెరిగిందని భ్రమపడకూడదు. బస పొడిగింపుకు వేరే దరఖాస్తు, 1,900 బాట్ల రుసుము ఉంటాయి. 50 ఏళ్లు నిండి విరామ జీవితం కోసం వచ్చినవారు థాయ్ బ్యాంకులో 8,00,000 బాట్లు గాని, నెలకు 65,000 బాట్ల ఆదాయం గాని చూపాలి. థాయ్ పౌరులను పెళ్లాడినవారికి ఆ మొత్తం 4,00,000 లేదా నెలకు 40,000. పొడిగింపు చేతిలో ఉండగా ఇండియాకు వెళ్లిరావాలంటే బయలుదేరే ముందే రీ ఎంట్రీ అనుమతి తీసుకోవాలి. అది లేకుండా విమానం ఎక్కితే ఆ పొడిగింపు అక్కడితో రద్దయిపోతుంది.

పని అనుమతి లేనివారు జీతం లేకపోయినా పని చేయకూడదు. అత్తవారి కిరాణా కొట్టులో కూర్చుని సరుకులు అమ్మిపెట్టడం మనకు సాయంగానే కనిపిస్తుంది, కాని దుకాణంలో అమ్మకం అనేది థాయ్ పౌరులకే కేటాయించిన వృత్తుల్లో ఒకటి.

తెలుగువారికి ప్రత్యేకంగా వచ్చే చిక్కు పేరు దగ్గర వస్తుంది. మన పొడవైన ఇంటిపేరు, దాని వెనక రెండు మూడు మాటల పేరు థాయ్ లిపిలోకి మారేటప్పుడు బ్యాంకులో ఒకలాగా, లైసెన్సులో మరొకలాగా, ఆస్పత్రిలో ఇంకొకలాగా తయారవుతుంది. థాయ్ భాషలో 'గ' పలుకే లేదు. గోపాల్ అన్న పేరు 'ఖోపాన్' అయ్యే అవకాశమే ఎక్కువ. కాబట్టి మొదటి కార్యాలయానికి వెళ్లకముందే చదువుకున్న థాయ్ మిత్రుడెవరి చేతనైనా మీ పేరు పాస్‌పోర్టు వరుసలో థాయ్ లిపిలో రాయించుకుని, ప్రతిచోటా ఆ ఒక్క రూపమే ఇవ్వండి. తేదీల విషయంలో కూడా జాగ్రత్త అవసరం: ఇక్కడి సంవత్సరం బుద్ధ శకంలో ఉంటుంది, మన లెక్కకు 543 కలపాలి. 2025 వారికి 2568.

ఇల్లు, నేల, నీళ్లు

భూమి కొనే ఆలోచన ఉంటే ఒక్క మాట. విదేశీయుల పేర భూమి రిజిస్టరు కాదు. 30 ఏళ్ల వరకు కౌలు రాయించుకోవచ్చు, మూడేళ్లు దాటే కౌలును భూమి కార్యాలయంలో నమోదు చేయించాలి. భార్య లేదా భర్త పేర ఉన్న నేల మీద జీవితకాల అనుభవ హక్కు నమోదు చేయించుకునే పద్ధతి కూడా ఉంది. దాన్ని 'సిత్తి కెప్ కిన్' అంటారు, మాటకు మాట చెబితే 'ఏరుకుని తినే హక్కు'. నేలను రై లెక్కన కొలుస్తారు. ఒక రై 1,600 చదరపు మీటర్లు, అంటే సుమారు నలభై సెంట్లు. రెండున్నర రై కలిపితే దాదాపు మన ఎకరం. భూసంస్కరణ కింద రైతులకిచ్చిన నేలలు మన అసైన్డ్ భూముల వంటివి, వాటిని స్వేచ్ఛగా అమ్మడానికి వీలుండదు గనుక ఎవరైనా చవకగా ఇస్తామంటే ముందు పత్రం రకం చూడాలి.

కరెంటు మన పరికరాలకు సరిపోతుంది. 220 వోల్టులు, 50 హెర్ట్జ్ కాబట్టి ఇంటి నుంచి తెచ్చుకున్న మిక్సీ నిక్షేపంగా తిరుగుతుంది. మన మూడు గుండ్రటి పిన్నుల ప్లగ్గు మాత్రం ఇక్కడి సాకెట్‌లో దూరదు, అడాప్టర్ కావాలి. ప్రెషర్ కుక్కర్ తెచ్చుకోవడం మేలు. కుళాయి నీళ్లు వాడకానికే తప్ప తాగడానికి పనికిరావు. తాగునీటిని క్యాన్లలో తెచ్చి ఇస్తారు, లేదా నాణెం వేస్తే నీళ్లు పోసే యంత్రం దగ్గర పట్టుకోవచ్చు. వానాకాలానికి ముందు ఇంటి చూరు కింద పెద్ద పెద్ద బానలు శుభ్రం చేసి వాననీళ్లు పట్టే అలవాటు ఇంకా ఉంది.

మాట, మర్యాద

ఇల్లు కుదరగానే ఒక పళ్ల బుట్టతో ఫూ యాయ్ బాన్ గారింటికి వెళ్లండి. ఆయన, కొన్ని ఊళ్లలో ఆవిడ, గ్రామ పెద్ద. ఎవరింట్లో ఉంటున్నదీ, ఏ పని చేస్తున్నదీ చెప్పి నమస్కరించి రావడానికి పది నిమిషాలు చాలు. తర్వాత మీకు నివాస ధ్రువీకరణ కావలసి వచ్చినా, పక్క పొలంవారితో గట్టు తగాదా వచ్చినా, వీధి కుక్క కరిచినా మొదట కదిలేది ఆయనే. తెల్లవారుజామున స్తంభానికి కట్టిన లౌడ్‌స్పీకర్లలో వినిపించే గొంతు కూడా చాలావరకు ఆయనదే: దోమల మందు కొట్టే రోజు, నీళ్లు ఆపే సమయం, చనిపోయినవారి కబురు అన్నీ అందులోనే వస్తాయి. అర్థం కాకపోతే ఫోన్‌లో రికార్డు చేసి బడిపిల్లలెవరికైనా వినిపించండి. ఉదయం 8 గంటలకు, సాయంత్రం 6 గంటలకు జాతీయగీతం వినిపించినప్పుడు నిలబడండి. రాజకుటుంబం గురించి వ్యాఖ్యానాలు ఎక్కడా, ఎవరితోనూ చేయవద్దు. చట్టం చాలా కఠినమైనది.

బడిలో, ఆఫీసులో ప్రామాణిక థాయ్ వినిపిస్తుంది, ఇళ్లలో లావోకు దగ్గరైన ఈసాన్ భాష, సురిన్, బురీరమ్, సీసాకేత్ వైపు ఖ్మేర్ కూడా వినిపిస్తాయి. థాయ్‌లో ఐదు స్వరాలున్నాయి గనుక ఒకే అక్షరాలు రాగం మారితే వేరే మాట అవుతుంది. రోజుకు పది మాటలను మనిషి నోటి నుంచే నేర్చుకోవాలి. సంస్కృత పదాలు మనకు అండగా ఉంటాయి. నఖోన్ నగరమే, సకోన్ నఖోన్ సకల నగరం, చైయఫూమ్ జయభూమి. గంటలు చెప్పే తీరు మాత్రం మొదట్లో తికమక పెడుతుంది. 'సోంగ్' అంటే రెండు. 'బాయ్ సోంగ్' మధ్యాహ్నం రెండు, 'సోంగ్ థుమ్' రాత్రి ఎనిమిది, 'తీ సోంగ్' తెల్లవారుజామున రెండు. ఎవరైనా సమయం చెబితే అంకెల్లో రాయించుకోవడం ఉత్తమం.

పేరు పెట్టి పిలవడం మనకెలా ఎబ్బెట్టుగా ఉంటుందో ఇక్కడా అంతే. కొంచెం పెద్దవారు ఫీ, చిన్నవారు నోంగ్. తల్లిదండ్రుల వయసువారిని లుంగ్ అనీ, పా అనీ, ఇంకా పెద్దవారిని తా అనీ, యాయ్ అనీ పిలుస్తారు. 'తా' అంటే తల్లి తండ్రి, అచ్చంగా మన తాతే. ఎదురుపడగానే 'అన్నం తిన్నారా' అని అడుగుతారు. అది పలకరింపు, ఆహ్వానం కాదు. 'క్రెంగ్ చాయ్' అనే మాటకు ఇతర విదేశీయులు పేజీలకు పేజీలు వివరణ రాసుకుంటారు కాని, తెలుగువారికి 'మొహమాటం' అంటే సరిపోతుంది. ఇబ్బంది ఉన్నా చెప్పరు, కాదనవలసిన చోట నవ్వి ఊరుకుంటారు. అందువల్ల 'సరే' అన్న మాట విని పని అయిపోయిందనుకోకుండా, మరుసటి రోజు మెల్లగా మళ్లీ అడగాలి. గొంతు పెంచితే మాత్రం పని అక్కడితో ఆగిపోతుంది, ఊరంతా తెలుస్తుంది కూడా.

మన అలవాటు అడ్డొచ్చే చోటు ఒకటుంది. ఊళ్లో ఎవరైనా పోతే శవాన్ని కొన్ని రోజులు ఇంట్లోనే ఉంచి, సాయంత్రాలు భిక్షువులు మంత్రాలు చదువుతుండగా ఊరివారంతా వచ్చి కూర్చుంటారు, వంటలు చేస్తారు, భోంచేస్తారు. మైల పట్టింపుతో పెరిగిన మనకు చావింట చేయి కడగడానికి మనసొప్పదు. ఇక్కడ తినకుండా లేచి వస్తే వారు నొచ్చుకుంటారు. నలుపు లేదా తెలుపు బట్టలు వేసుకుని, కవరులో కొంత డబ్బు పెట్టి, కనీసం ఒక గిన్నెడు తిని రావాలి. ఎంత పెట్టాలో పక్కింటివారిని అడిగితే నిజమే చెబుతారు. స్త్రీలు భిక్షువులను తాకకూడదు, వస్తువులను నేరుగా చేతికి ఇవ్వకూడదు.

తిండి

శాకాహారులకు ఇదే కష్టమైన అంశం. 'మంగ్‌సవిరత్' అంటే మాంసవిరతి, గుడ్లు, పాలు ఉండవచ్చు. 'జే' అంటే అవి కూడా లేకుండా, ఉల్లి వెల్లుల్లి సైతం లేకుండా వండినది. పసుపు గుడ్డ మీద ఎర్ర అక్షరం ఉన్న కొట్టు జే తిండి అమ్మే చోటు. మామూలు కొట్లలో కూరగాయల వేపుడు అడిగినా చేపల రసం పడుతుంది కాబట్టి, 'మై సై నామ్ ప్లా, మై సై ప్లా రా', అంటే చేపల రసమూ పులియబెట్టిన చేపా వేయవద్దని, వంట మొదలుకాక ముందే చెప్పాలి. మాంసాహారులు కూడా పచ్చి చేపల వంటకం కోయ్ ప్లా జోలికి పోవద్దు. మంచినీటి చేపల్లోని కాలేయపు పురుగు వల్ల పిత్తనాళ క్యాన్సర్ రావడం ఈసాన్‌లో ఏనాటి నుంచో ఉన్న బాధ, నిమ్మరసంతో ఆ పురుగు చావదు.

ఇంట్లో వండుకుంటే మాత్రం లోటుండదు. పొద్దున్నే ఒక ట్రక్కు వీధిలోకి వస్తుంది. దాని చట్రం చుట్టూ గుత్తులు గుత్తులుగా ప్లాస్టిక్ సంచులు వేలాడుతుంటాయి, ఒక్కో సంచిలో ఒక్కో కూరకు సరిపడా ఆకులు, వంకాయలు, చేపలు. 'రోత్ ఫుమ్ ఫువాంగ్' అని దానికి పేరు. మునక్కాయను మరుమ్ అనీ, కాకరను మరా అనీ, చింతపండును మఖామ్ పియాక్ అనీ అడగండి. దొండ తీగ మీద కాయలు మనం తింటాం, వీరు లేత ఆకులు తుంచి చారులో వేస్తారు, పేరు తమ్‌లుంగ్. చలికాలం చివర సంతలో వేపపూత కట్టలు కట్టి అమ్ముతారు. ఉడకబెట్టి తీపి పులుపుల చట్నీతో తినే ఆ సదావ్‌ను కొంచెం ఆరబెట్టి దాచుకుంటే ఉగాది పచ్చడికి అదే ఆధారం. పొట్టు తీసిన పెసరపప్పు కిరాణా కొట్లలో దొరుకుతుంది. కందిపప్పు, ఇంగువ, ఆవాల కోసం బ్యాంకాక్‌లోని ఫాహురత్ వీధుల్లో ఒకేసారి కొనుక్కోవడమో, తెప్పించుకోవడమో తప్పదు. కొన్న పెరుగులో చాలావరకు పంచదార ఉంటుంది, తోడు పెట్టుకోవడమే నయం.

వీరి ప్రధాన ఆహారం జిగురు బియ్యం. రాత్రంతా నానబెట్టి, వెదురు బుట్టలో ఆవిరి మీద ఉడికించి, మూత ఉన్న చిన్న బుట్టలో పెడతారు. కుడిచేత్తో నిమ్మకాయంత తీసి వేళ్లతో ముద్ద చేసి కారంలో అద్దుకుంటారు. చేత్తో తినడం వచ్చిన మనిషిని చూసి ముసలమ్మలు ఎంత సంతోషిస్తారో చెప్పలేను.

ఒళ్లు, దారి

వానాకాలంలో పొలం బురదలో ఒట్టి కాళ్లతో, ముఖ్యంగా పాదాలకు పుండ్లున్నప్పుడు, దిగవద్దు. ఎలుకల మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్, మట్టిలోని క్రిమి వల్ల వచ్చే మెలియోయిడోసిస్ రెండూ ఈ నేలలో ఉన్నాయి, రెండూ ప్రాణం తీయగలవు. మధుమేహం ఉన్నవారికి రెండోది మరీ ప్రమాదం. కొన్నాళ్లు తగ్గని జ్వరం వస్తే పొలంలో దిగిన సంగతి డాక్టరుకు చెప్పాలి. కుక్క కరిస్తే సబ్బుతో కడిగి అదే రోజు రేబిస్ టీకా మొదలుపెట్టాలి. ప్రభుత్వ 30 బాట్ల వైద్య పథకం థాయ్ పౌరులకే గనుక, ఉద్యోగం ద్వారా సామాజిక బీమా లేనివారు సొంత బీమా తీసుకోవాలి. తంబోన్, అంటే కొన్ని ఊళ్ల సముదాయం, స్థాయిలో చిన్న ఆరోగ్య కేంద్రం, ఊళ్లో 'ఓ సో మో' అని పిలిచే ఆరోగ్య కార్యకర్తలు ఉంటారు. వారితో పరిచయం పెంచుకోండి.

ఊరి నుంచి పట్నానికి పొద్దున వెళ్లే సోంగ్‌తెవ్ బండి, అంటే వెనక రెండు బెంచీలు వేసిన ట్రక్కు, మధ్యాహ్నానికే తిరుగు ముఖం పడుతుంది, కాబట్టి మోటార్‌సైకిల్ తప్పనిసరి అవుతుంది. మోటార్‌సైకిల్‌కు వేరే లైసెన్సు ఉండాలి, అది లేకపోతే ప్రమాదంలో బీమా చెల్లదు. దీపాల్లేని చేతి ట్రాక్టర్లు, దారి మధ్యలో పడుకున్న కుక్కలు ఉంటాయి గనుక రాత్రిపూట ప్రయాణం మానుకోండి.

అంబులెన్సుకు 1669. ఆ నంబరుకు ఫోన్ చేసినప్పుడు ఊరి పేరు ఒక్కటే సరిపోదు. ఇంటి నంబరు, మూ నంబరు (తంబోన్‌లో ఊరి వరుస సంఖ్య), తంబోన్, అంఫ (మన మండలం వంటిది), చంగ్‌వాత్ ఆ వరుసలో చెప్పాలి. కంగారులో మన నోట థాయ్ రాదు. కాబట్టి ఆ చిరునామాను, దగ్గరలోని గుడి పేరుతో సహా, పక్కింటివారి చేత థాయ్ లిపిలో పెద్ద అక్షరాలతో రాయించి, కింద తెలుగులో పలుకు రాసుకుని, ఫ్రిజ్ తలుపు మీద ఈ రోజే అంటించండి.