మౌంటెన్ బైక్ మీద రోజూ రోడ్డు ప్రయాణం: టైర్ల సమస్యలు, పరిష్కారాలు

మౌంటెన్ బైక్ కొని, రోజూ ఆఫీసుకో కాలేజీకో తారు రోడ్డు మీదే వెళ్లేవాళ్లు చాలామంది. వాళ్ల ఫిర్యాదులూ దాదాపు ఒకేలా ఉంటాయి: తొక్కలేకపోతున్నాను, మోత పెడుతోంది, మాటిమాటికీ పంక్చర్. సైకిలే మార్చేద్దామనుకునే ముందు ఒకసారి టైర్లు చూడండి.

ఎంత తొక్కినా కదలట్లేదు, కింద నుంచి గుయ్‌మని మోత

ముందు చక్రాన్ని పైకెత్తి చేత్తో తిప్పండి. బ్రేకు రాసుకుంటుంటే టైరు తప్పేమీ లేదు. స్వేచ్ఛగా తిరుగుతుంటే గాలి చూడండి. మట్టిదారి కోసం 25-30 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) పెట్టిన టైరు తారు మీద నలుగుతూ దొర్లుతుంది, మీ శక్తిలో కొంత ఆ నలుగుడుకే పోతుంది. గరిష్ఠంగా ఎంత గాలి పట్టించొచ్చో టైరు పక్కనే అచ్చు వేసి ఉంటుంది. ఆ హద్దు దాటకుండా, 2 అంగుళాల టైరైతే 40-45 వరకు పెంచి తొక్కి చూడండి. బరువు ఎక్కువగా పడేది వెనక చక్రం మీద కాబట్టి అక్కడ ముందుకన్నా 4-5 పీఎస్ఐ ఎక్కువ ఉండాలి.

అయినా మోత తగ్గకపోతే కారణం టైరు మీద పొడుచుకొచ్చిన రబ్బరు బుడిపెలు. అవి మెత్తటి మట్టిలో దిగబడి పట్టు ఇవ్వడానికి పెట్టినవి. తారులో దిగబడటానికి చోటు ఉండదు. అందుకే ప్రతి బుడిపె నేలను తాకినప్పుడల్లా వంగి మళ్లీ లేస్తుంది. మోత అదే, వృథా అయ్యే శ్రమ కూడా అదే. నున్నటి టైర్లు, లేదా పైపైన సన్న గీతలు మాత్రమే ఉన్నవి వేయించండి. దారిలో కొంత మట్టిరోడ్డు తప్పకపోతే, మధ్యలో నున్నగా ఉండి అంచుల్లో మాత్రం బుడిపెలున్న టైరు తీసుకోవచ్చు.

వెడల్పు దగ్గర చాలామంది తొందరపడతారు, సన్నగా ఉంటే చాలు వేగం వస్తుందని. నిర్మాణం, గాలి ఒత్తిడి ఒకేలా ఉంటే వెడల్పు టైరు సన్నదానికంటే కాస్త తేలిగ్గానే దొర్లుతుంది. సన్న టైరులో గాలి గట్టిగా పట్టించాలి కాబట్టి గుంతల దెబ్బంతా మణికట్టుకీ నడుముకీ వస్తుంది. రోజువారీ ప్రయాణానికి 1.5 నుంచి 2 అంగుళాల మధ్య ఏదైనా బాగుంటుంది. నన్నడిగితే 1.75 తీసుకోమంటాను. 1.5కి దిగితే 55-65 పీఎస్ఐ, 1.75కి 45-55 దగ్గర మొదలుపెట్టి, మీ బరువును బట్టి సర్దుకోండి.

నున్నటి టైరు వానలో జారుతుందేమోనని టెన్షన్

ఈ భయం కారు టైర్ల నుంచి వచ్చింది. కారు టైరు వెడల్పుగా, బల్లపరుపుగా ఉంటుంది, వేగమూ ఎక్కువ. అందుకే నీటి పొర మీద తేలిపోకుండా దానికి గాడులు కావాలి. సైకిల్ టైరు గుండ్రంగా, సన్నగా ఉండి నీటిని పక్కకు తోసేస్తుంది. గట్టి రోడ్డు మీద మలుపు తిరిగేటప్పుడు వంగిపోయే బుడిపెల కన్నా నేలను నిండుగా అంటుకునే నున్నటి రబ్బరే నమ్మదగినది. రోడ్డు మీద పెయింటు గీతలు, ఇనుప మూతలు, తడి ఆకులు మాత్రం ఏ టైరునైనా జారుస్తాయి. వాటి మీద బ్రేకు పట్టకుండా, సైకిల్‌ని వాల్చకుండా దాటండి. పాత టైరు రబ్బరు గట్టిపడి పగుళ్లు తేలితే ఎంత గీతలున్నా మార్చాల్సిందే.

26 అంగుళాలదే తెచ్చాను, రిమ్ముకు పట్టట్లేదు

అంగుళాల లెక్క నమ్మకండి. టైరు మీద 47-559 లాంటి జంట అంకెలు ఉంటాయి. మొదటిది వెడల్పు, రెండోది రిమ్ము మీద టైరు అంచు కూర్చునే చోటి వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. 26 అంగుళాల మౌంటెన్ బైక్‌కి 559, 27.5కి 584, 29కి 622. 26 × 1.75 అని దశాంశంలో రాసింది 559. 26 × 1⅜ అని భిన్నంలో రాసింది 590, అది వేరే సైకిళ్లది. రెండో అంకె పాత టైరుతో సరిగ్గా కలిస్తేనే కొనండి. రిమ్ము లోపలి వెడల్పు 30 మిల్లీమీటర్ల దాకా ఉంటే 1.5 అంగుళాల జోలికి పోవద్దు, 2 దగ్గరే ఉండండి.

మాటిమాటికీ పంక్చర్

ట్యూబు మార్చేసి ఊరుకోకండి, చిల్లు ఎలా ఉందో చూడండి. పక్కపక్కనే రెండు చీలికలుంటే గాలి తక్కువై, గుంతలో ట్యూబు రిమ్ముకీ రోడ్డుకీ మధ్య నలిగిందన్నమాట. గాలి పెంచండి. చిల్లు రిమ్ము వైపు ఉంటే రిమ్ము టేపు (చువ్వల తలలు ట్యూబుకి తగలకుండా రిమ్ము లోపల వేసే పట్టీ) జరిగి చువ్వ తల గుచ్చుకుంటోంది, టేపు మార్చండి. నేల వైపు ఒకే చిల్లు ఉంటే గాజుపెంకో ముల్లో దిగింది. టైరు లోపల గుడ్డతో తుడుస్తూ ఆ ముక్క దొరికేదాకా వెతకండి. దాన్ని వదిలేసి కొత్త ట్యూబు వేస్తే అదీ పోతుంది. ఇది తరచూ జరిగే దారైతే లోపల రక్షణ పట్టీ ఉన్న టైరు తీసుకోండి. కాస్త బరువు, కాస్త నెమ్మది, అయినా రోజూ టైముకి చేరాల్సినవాళ్లకి నేను అదే చెప్తాను.

సన్న టైరులో పాత వెడల్పు ట్యూబే పెట్టినా అది మడతపడి ఆ మడత దగ్గరే పోతుంది. ట్యూబు మీద రాసిన సైజుల్లో మీ టైరుది ఉండాలి.

మార్చాక మీటరు ఎక్కువ చూపిస్తోంది, పెడల్ నేలకు తగులుతోంది

26 × 2.1 నుంచి 1.5కి వస్తే చక్రం చుట్టుకొలత సుమారు 4 శాతం తగ్గుతుంది. వేగం, దూరం చూపే మీటరు ఆ చుట్టుకొలతతోనే లెక్కేస్తుంది కాబట్టి దానిలో కొత్త కొలత పెట్టండి. సైకిల్ కూడా 14 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది కాబట్టి మలుపులో లోపలి వైపు పెడల్‌ని పైకి ఉంచండి.