మేక తొడ ఎముకతో ప్లేటు పరీక్ష: సందులో కదలికను కొలిచే పద్ధతి

విరిగిన ముక్కల్ని కలిపి ఉంచే లోహపు ప్లేటు బిగించిన ఎముకను మెషిన్‌లో పెట్టి, విరిగేదాకా నొక్కి, ఎన్ని న్యూటన్లకు విరిగిందో రాసేస్తే థీసిస్‌లో ఒక టేబుల్ నిండుతుంది. ఎముక అతుకుతుందా లేదా అన్నది మాత్రం అందులో తేలదు. అది తేలేది చిన్న బరువుల దగ్గరే, విరిగిన సందు ఎంత కదులుతోందన్న దాన్ని బట్టి. తిరుపతిలో ఆర్థోపెడిక్స్, వెటర్నరీ సర్జరీ పీజీలు చేస్తున్నవాళ్లు పెద్ద ఖర్చు లేకుండా చేసుకోగల పరీక్ష ఇది.

ముందు లెక్క. ఎముకల బిగింపు మీద పనిచేసే ఏఓ సంస్థ పరిశోధకుడు స్టెఫాన్ పెర్రెన్ చెప్పిన స్ట్రెయిన్ అంటే, సందులో కదలికను సందు వెడల్పుతో భాగించగా వచ్చే శాతం. 2 శాతం లోపు ఉంటే కాలస్ (విరిగినచోట కట్టే కొత్త ఎముక ముద్ద) లేకుండా నేరుగా అతుకుతుంది, కాకపోతే అందుకు ముక్కలు దగ్గరగా ఆనుకుని ఉండాలి. 2 నుంచి 10 శాతం దాకా కాలస్ కడుతుంది. 10 దాటితే ఎముక కట్టదు. 3 మి.మీ. సందులో 0.3 మి.మీ. కదిలితే 10 శాతం. అదే 0.3 మి.మీ. కదలిక 1 మి.మీ. సందులో వస్తే 30 శాతం. సందు చిన్నదైతే మంచిదేగా అనుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

పోల్చడానికి ఒక్క ప్రశ్న చాలు: సందుకు రెండు పక్కలా దగ్గరగా ఉన్న స్క్రూలు వేస్తే ఏమవుతుంది, ఆ రంధ్రాలు ఖాళీగా వదిలేస్తే ఏమవుతుంది? 3.5 మి.మీ. లాకింగ్ ప్లేటు (స్క్రూ తలలు ప్లేటు మరల్లోనే బిగిసేది), 6 రంధ్రాలది తీసుకోండి. రంధ్రానికీ రంధ్రానికీ మధ్య 13 మి.మీ. ఉంటే, అన్ని స్క్రూలూ వేసినప్పుడు వర్కింగ్ లెంగ్త్ (సందుకు రెండు పక్కలా దగ్గరి స్క్రూల మధ్య దూరం) 13 మి.మీ.; లోపలి రెండూ తీసేస్తే 39. ఇలా పక్కకొక రంధ్రం వదిలేస్తే నొక్కుడులోనూ మెలికలోనూ బిగింపు దాదాపు రెండింతలు మెత్తబడుతుందని స్టోఫెల్ బృందం 2003లోనే చూపించింది. మీ సెటప్‌లో కూడా ఆ దిశలోనే తేడా కనబడాలి. కనబడకపోతే సిద్ధాంతాన్ని అనుమానించే ముందు సెటప్‌ని అనుమానించండి.

ఎముకలు. మటన్ కొట్టులో ముందురోజే చెప్పిపెట్టుకోవాలి, లేకపోతే ఆదివారం పొద్దున తొడ ఎముక మూడు ముక్కలై చేతికొస్తుంది. చిత్తూరు వైపు పొట్టేలు ఎక్కువ, మేక అని అడిగినా ఒక్కోసారి పొట్టేలు కాలే ఇస్తారు. ఏదైనా పర్లేదు, రెండూ కలపకూడదు. లేతవైతే పెరుగుదల పలక ఇంకా మూసుకుపోదు, బరువు పెట్టగానే చివర ఊడొస్తుంది. వీలైతే ఎక్స్‌రే తీసి చూడండి. కండ అంతా గీకేసి, 0.9 శాతం సెలైన్‌తో తడిపిన గాజుగుడ్డ చుట్టి, కవర్లో వేసి మైనస్ 20 డిగ్రీల దగ్గర పెట్టండి. ముందురోజు రాత్రి కింది అరలోకి మార్చండి. ఫార్మలిన్‌లో వేయొద్దు, ఎముక పెళుసెక్కుతుంది. కరెంటు పోయి కరిగి మళ్లీ గడ్డకట్టిన ఎముకల్ని పక్కన పెట్టేయండి. మేకల నుంచి బ్రూసెల్లా బ్యాక్టీరియా సోకే ప్రమాదం నిజంగానే ఉంది కాబట్టి, కోసేటప్పుడు గ్లవ్స్‌తోపాటు మాస్కు, కళ్లద్దాలు కూడా ఉండాలి.

బిగింపు. ప్లేటుకూ ఎముకకూ మధ్య 1 మి.మీ. రేకు పెట్టి పట్టుకోండి. అన్నిటికీ ఆ ఎడం ఒకేలా ఉండాలి. ఒకదాంట్లో ప్లేటు ఎముకను తాకి, ఇంకోదాంట్లో ఎడంగా ఉంటే అంకెలు చెల్లాచెదురవుతాయి. లాకింగ్ స్లీవ్ (డ్రిల్ బిట్‌కు దారి చూపే గొట్టం) నిటారుగా బిగించి 2.8 మి.మీ. బిట్‌తో డ్రిల్ చేయండి, సెలైన్ పోస్తూ ఉండండి. స్లీవ్ వంకరగా కూర్చుంటే స్క్రూ తల మరలో సరిగా పట్టదు. పట్టినట్టే అనిపించి బరువు పడగానే ఆడుతుంది. ఎముక కోయకముందే ఆరు రంధ్రాలూ చేసేయండి. తర్వాత ప్లేటు విప్పి, సరిగ్గా మధ్యలో 3 మి.మీ. సందు కోసి, అదే రేకు మధ్యలో పెట్టి మళ్లీ బిగించి, ఆ తర్వాత రేకు తీసేయండి. అప్పుడు రెండు ముక్కలూ పాత వరసలోనే ఉంటాయి. కోత అంచుకూ స్క్రూ రంధ్రానికీ మధ్య మిగిలేది 3 మి.మీ. పైచిలుకే, రంపం కాస్త ఏటవాలుగా పోతే రంధ్రంలోకి దిగుతుంది. చివరి బిగింపు మెలితిప్పే బలం 1.5 న్యూటన్ మీటర్లు దాటనివ్వని టార్క్ లిమిటర్‌తోనే చేయాలి. చేతి అంచనా వద్దు.

చివర్లు. పీవీసీ పైపు ముక్కల్లో డెంటల్ కోల్డ్ క్యూర్ యాక్రిలిక్ (కాల్చకుండానే గట్టిపడే ప్లాస్టిక్) పోసి ఎముక చివర్లు నిలపండి. కొవ్వుండే ఎముకను యాక్రిలిక్ పట్టుకోదు, అందుకని ముందు స్పిరిట్‌తో తుడిచి, చివరలో రెండు కే-వైర్లు (సన్నటి స్టీలు కడ్డీలు) అడ్డంగా గుచ్చండి. యాక్రిలిక్ గట్టిపడేటప్పుడు బాగా వేడెక్కుతుంది, ఎముక చుట్టూ తడిగుడ్డ ఉంచండి. ప్లేటు చివర యాక్రిలిక్‌లో మునగకూడదు, కనీసం 1 సెం.మీ. దూరం. పై కప్పు మీద చిన్న గుంట చేసి స్టీలు గుండు పెట్టి, బరువు దాని మీదుగానే దించండి. రెండు చివర్లూ బిగించి నొక్కితే బిగింపుకు లేని గట్టిదనం కూడా ఉన్నట్టు చూపిస్తుంది.

బరువు. ఇంజనీరింగ్ కాలేజీ సివిల్ ల్యాబుల్లో ఉండే 400 కిలోన్యూటన్ల మెషిన్ ఇనుప కడ్డీల కోసం చేసింది. మనకు కావాల్సిన 200 న్యూటన్లు దాని స్థాయిలో 0.05 శాతమే, ఆ అంకెను నమ్మలేం. 5 కిలోన్యూటన్ల లోడ్ సెల్ (బరువు కొలిచే సెన్సర్) ఉన్న మెషిన్ దొరికితే సరే. దొరకకపోతే నిటారు గైడ్ ఉన్న స్టాండు, 20 కిలోల తూకం రాళ్లు చాలు, అది 196 న్యూటన్లు. ముందు ఐదుసార్లు 10 కిలోలు పెట్టి తీసేయండి, అమరికలోని వదులు సర్దుకుంటుంది. ఆ తర్వాత 5 కిలోల చొప్పున పెంచుతూ, ప్రతి మెట్టు దగ్గరా 10 సెకన్లు ఆగి ఫొటో తీయండి.

కొలత. మెషిన్ చూపించే కదలికలో యాక్రిలిక్ అణగడం, స్టాండు వంగడం అన్నీ కలిసి ఉంటాయి, సందు కదలికకు దాన్ని వాడొద్దు. సందుకు పైనా కిందా, ప్లేటు వైపు ఒక జతా ఎదుటి వైపు ఒక జతా గుండుసూది మొనతో గుర్తులు పెట్టండి. స్టాండుకు బిగించిన ఫోన్‌తో, ఫ్రేమ్‌లో 30 మి.మీ. మాత్రమే పడేంత దగ్గరగా తీస్తే, 4000 పిక్సెళ్ల వెడల్పు ఫొటోలో ఒక పిక్సెల్ 0.0075 మి.మీ. అవుతుంది. స్కేలు ఎముక గుర్తుల లోతులోనే ఉండాలి, వెనక ఉంటే లెక్క తప్పుతుంది. ఇమేజ్‌జే అనే ఫొటోలు కొలిచే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, దూరాలు అందులో కొలవండి.

రెండు జతల్నీ విడివిడిగా రాయండి, సగటు తీయొద్దు. ప్లేటు ఒక పక్కన ఉంది కాబట్టి బరువు పడగానే అది వంగుతుంది. ఎదుటి వైపు సందు మూసుకుంటుంటే ప్లేటు పక్క దాదాపు కదలదు. అసలు కథ ఆ తేడాలోనే ఉంది. మరీ గట్టిగా బిగించిన లాకింగ్ ప్లేటు కింద కాలస్ రాకుండా, ఎదుటి పక్కనే కట్టడం ఎక్స్‌రేల్లో కనబడేది ఇందుకే.

ప్రతి ఎముకనూ మూడుసార్లు కొలవాలి: అన్ని స్క్రూలతో, లోపలివి తీసి, మళ్లీ పెట్టి. మొదటిదీ మూడోదీ 5 శాతం కంటే తేడా వస్తే ఏదో స్క్రూ వదులైంది, లేదా ఎముక ఎండింది. మే నెలలో ఫ్యాను కింద పెడితే ఎముక తొందరగా ఎండిపోతుంది, మెట్టు మెట్టుకీ సెలైన్ చల్లండి. ఒక్కో ఎముక తనతోనే పోలుతుంది కాబట్టి పెయిర్డ్ పరీక్ష (ఒకే ఎముక కొలతల్ని జతగా పోల్చే గణాంక పద్ధతి) వాడాలి. ఒకే మేక రెండు కాళ్లను రెండు వేర్వేరు నమూనాలుగా లెక్కేయకండి.

చచ్చిన ఎముక అతకదు కాబట్టి, ఈ పరీక్ష నుంచి ఏ బిగింపు త్వరగా మానుతుందో రాయకూడదు, సందులో స్ట్రెయిన్ ఎంతో మాత్రమే రాయాలి. బతికున్న జంతువుల్లో చూడాలంటే ముందు సంస్థ జంతు నైతిక కమిటీ అనుమతి కావాలి. మేక, గొర్రె లాంటి పెద్ద జంతువులైతే ఫైలు కేంద్ర కమిటీ దాకా వెళ్తుంది, థీసిస్ టైమ్‌టేబుల్ వేసేటప్పుడే ఆ ఆలస్యం కలుపుకోండి. పని అయ్యాక ఎముకలు ఆసుపత్రి వ్యర్థాల పసుపు కవర్లోకి పోవాలి.