బ్యాంకు ఫైనాన్స్ ఉద్యోగానికి సిద్ధమవుదాం - 4వ పాఠం: ఒక్క అంకె మారితే ఏమవుతుంది?

పోయిన పాఠంలో మీ దరఖాస్తులోని ప్రతి వాక్యాన్నీ ఏం చేశాను, ఎలా చేశాను, దాంతో ఏం తేలింది అన్న మూడు ముక్కలుగా తిరగరాయమన్నాను. ఆ కాగితం ఇప్పుడు ముందు పెట్టుకోండి. ఇంటర్వ్యూలో చాలా ప్రశ్నలు అందులోంచే పుడతాయి.

"ఒక కంపెనీకి డీసీఎఫ్ పద్ధతిలో విలువ కట్టాను" అని రాశారనుకుందాం. డీసీఎఫ్ అంటే ముందు ముందు వచ్చే నగదును నేటి విలువకు తగ్గించి లెక్కకట్టే పద్ధతి, అలా తగ్గించే రేటే డిస్కౌంట్ రేటు. డిస్కౌంట్ రేటు 9 శాతమే ఎందుకు తీసుకున్నారు, ఎదుగుదల రేటు ఒక శాతం పెంచితే టెర్మినల్ వాల్యూ (అంచనా వేసిన ఏళ్ల తర్వాత వచ్చే నగదంతటి విలువ) ఎంత మారుతుంది అని అడుగుతారు. వచ్చే ఏడాది చేతికొచ్చే నగదు 7 అనుకోండి. ఎదుగుదల 2 శాతమైతే, 9 లోంచి 2 తీసేసి 7 శాతంతో భాగిస్తాం. 100 వస్తుంది. ఎదుగుదల 3 శాతమైతే 6 శాతంతో భాగించాలి. దాదాపు 117 వస్తుంది. ఊహలో ఒక శాతం జరిగితే విలువ 17 శాతం కదిలిపోయింది. ఈ మాట కాగితం చూడకుండా చెప్పగలిగితే ఆ వాక్యం దరఖాస్తులో ఉంచండి. లేకపోతే ఈ వారంలో నేర్చుకోండి, లేదంటే తీసేయండి. వివరించలేని పెద్ద పని కన్నా పూర్తిగా తెలిసిన చిన్న పనే మిమ్మల్ని నిలబెడుతుంది.

ఇక ఈరోజు పాఠం. ఫైనాన్స్ ఇంటర్వ్యూల్లో తరచూ అడిగే ప్రశ్న ఇది: "తరుగుదల 10 పెరిగింది. మూడు పట్టికల్లో ఏం మారుతుంది?" మూడు పట్టికలంటే లాభనష్టాల ఖాతా, క్యాష్ ఫ్లో, బ్యాలెన్స్ షీట్. మొదటిసారి నన్ను అడిగినప్పుడు లాభం తగ్గింది కాబట్టి నగదూ తగ్గుతుందన్నాను. అక్కడే తప్పాను. నాలాగే చాలామంది అక్కడే తప్పుతారు, అందుకే నిదానంగా వెళ్దాం.

పన్ను 25 శాతం అనుకుందాం. ఖర్చు 10 పెరిగితే పన్నుకు ముందు లాభం 10 తగ్గుతుంది. పన్ను 2.5 తగ్గుతుంది. నికర లాభం 7.5 తగ్గుతుంది. ఇది లాభనష్టాల ఖాతా.

క్యాష్ ఫ్లో ఆ తగ్గిన 7.5 తోనే మొదలవుతుంది. కానీ తరుగుదల పేరుతో ఎవరికీ డబ్బు కట్టలేదు. యంత్రం కొన్న రోజే డబ్బు వెళ్లిపోయింది, ఇప్పుడు రాస్తున్నది దాని అరుగుదల మాత్రమే. కాబట్టి 10 తిరిగి కలపాలి. నగదు 2.5 పెరిగింది. పన్ను రూపంలో మిగిలింది సరిగ్గా అంతే.

బ్యాలెన్స్ షీట్‌లో నగదు 2.5 పెరిగింది, యంత్రాల విలువ 10 తగ్గింది. మొత్తం ఆస్తులు 7.5 తగ్గాయి. అటువైపు, అంటే అప్పులు, మూలధనం ఉండే వైపు, నిల్వ లాభాలు 7.5 తగ్గాయి. టాలీ అయింది. చివర్లో ఈ "టాలీ అయింది" అన్న మాట పైకి అనండి. మీ జవాబును మీరే సరిచూసుకుంటారని ఎదుటివాళ్లకు తెలుస్తుంది.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. మీరు వెళ్తున్నది బ్యాంకుకి కాబట్టి ఇంకో అడుగు వేయాలి. బ్యాంకు పట్టికలు ఫ్యాక్టరీ పట్టికల్లా ఉండవు. మనం దాచుకున్న డిపాజిట్ మనకు ఆస్తి, బ్యాంకుకు అప్పు. బ్యాంకు ఇచ్చిన లోను దానికి ఆస్తి. వడ్డీ ఫ్యాక్టరీకి పక్కన ఉండే ఖర్చు, బ్యాంకుకు అదే అసలు వ్యాపారం. తరుగుదల బదులు ఇక్కడ అడగదగ్గ ప్రశ్న మొండి బకాయిల కేటాయింపు గురించి. అంటే తిరిగి రావనుకున్న లోన్ల కోసం లాభంలోంచి తీసి పక్కన పెట్టే మొత్తం.

ఒక బ్యాంకు ఆస్తులు 100, అందులో వాటాదారుల సొంత మూలధనం 8, మిగతా 92 డిపాజిట్లు, అప్పులు అనుకోండి. లోన్లలో 3 మునిగిపోయాయి. పన్ను పక్కన పెడదాం. ఆస్తుల్లో పోయింది 3 శాతమే. కానీ డిపాజిటర్లకు ఇవ్వాల్సింది పైసా కూడా తగ్గదు. నష్టమంతా ఆ 8 మీదే పడుతుంది, అది 5 అవుతుంది. అంటే మూలధనంలో 37.5 శాతం పోయింది. బ్యాంకుల మీద నియమాలు ఎందుకంత గట్టిగా ఉంటాయో ఈ ఒక్క లెక్కతో అర్థమవుతుంది. 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత బ్యాంకుల కోసం వచ్చిన అంతర్జాతీయ బాసెల్ 3 నియమాల్లో, రిస్కును బట్టి తూకం వేసిన ఆస్తుల మీద (రిస్కు ఎక్కువున్నదాన్ని ఎక్కువగా, తక్కువున్నదాన్ని తక్కువగా లెక్కిస్తారు) కనీసం 4.5 శాతం అత్యంత నాణ్యమైన మూలధనం ఉండాలి, దానిపైన మరో 2.5 శాతం రక్షణగా ఉంచాలి. ఈ రెండు అంకెలూ గుర్తుంచుకోండి.

ఇప్పుడు "వడ్డీ రేట్లు పెరిగితే బ్యాంకుకు లాభమా నష్టమా?" అన్న ప్రశ్న. "లాభం, లోన్ల మీద ఎక్కువ వడ్డీ వస్తుంది" అన్నది సగం జవాబు. బ్యాంకు దగ్గర, మధ్యలో వడ్డీ ఇవ్వకుండా పదేళ్లకు ఒకేసారి 100 చెల్లించే బాండు ఉందనుకోండి. మార్కెట్ వడ్డీ 2 శాతం ఉన్నప్పుడు దాని ధర సుమారు 82. వడ్డీ 5 శాతానికి చేరితే 61. పావు వంతు విలువ పోయినట్టే. అమ్మకుండా గడువు దాకా ఉంచుకుంటే 100 వస్తుంది నిజమే, కానీ ఈలోగా డిపాజిటర్లు డబ్బు అడిగితే?

2023 మార్చిలో అమెరికాలోని సిలికాన్ వ్యాలీ బ్యాంకు దగ్గర జరిగింది అదే. బాండ్లు అమ్మి 180 కోట్ల డాలర్ల నష్టం వచ్చిందని మార్చి 8న చెప్పింది. మర్నాడు ఒక్కరోజే డిపాజిటర్లు 4,200 కోట్ల డాలర్లు వెనక్కి తీసుకునే ప్రయత్నం చేశారు. 10న బ్యాంకు మూతపడింది. వడ్డీ రేట్ల గురించి అడిగితే ముందు బాండు లెక్క చెప్పి, తర్వాత ఈ సంఘటన చెప్పండి. కారణం తెలిసిన వాళ్ల నోట్లో ఉదాహరణకు బలం వస్తుంది.

సాధన విషయానికొస్తే, చదివితే చాలదు, పైకి చెప్పాలి. తరుగుదల జవాబును ఫోన్‌లో రికార్డు చేయండి. ఒకటిన్నర నిమిషం దాటకూడదు. విన్నప్పుడు ఎక్కడ తడబడ్డారో అక్కడ మీకు లెక్క ఇంకా పూర్తిగా పట్టుబడలేదని అర్థం. ఆ చోటు మాత్రమే మళ్లీ కాగితం మీద చేయండి, మొత్తం బట్టీ పట్టొద్దు. టెన్షన్‌లో బట్టీ పట్టినదే ముందు మర్చిపోతాం. తెలియని ప్రశ్న వస్తే "ముందు లాభం మీద ప్రభావం చూస్తాను, తర్వాత నగదు" అంటూ దారి చెప్పుకుంటూ వెళ్లండి. మధ్యలో తప్పితే వాళ్లే సరిదిద్దుతారు. సరిదిద్దినప్పుడు మీరు ఎంత త్వరగా అందుకుంటారో కూడా వాళ్లు చూస్తారు.

ఈ వారం అభ్యాసం: ఒక కంపెనీ 100 అప్పు చేసి యంత్రం కొంది. మొదటి రోజు ఏ పట్టికల్లో ఏం మారింది? ఏడాది చివర తరుగుదల 20, నగదుగా కట్టిన వడ్డీ 10, పన్ను 25 శాతం, అసలు ఇంకా తీర్చలేదు. కంపెనీ మిగతా వ్యాపారం లాభాల్లోనే ఉందనుకుని, మూడు పట్టికల్లో మార్పులు రాయండి. అప్పు చేయకముందుతో పోలిస్తే బ్యాలెన్స్ షీట్‌లో రెండు వైపులా 77.5 పెరిగితే మీరు సరిగ్గా చేసినట్టే. వచ్చే పాఠాన్ని ఈ లెక్కలోని పన్ను దగ్గర మొదలుపెడదాం.