వినైల్ ఫ్లోరింగ్ నేర్చుకుందాం – 4వ పాఠం: కింద వేడి ఉన్న గచ్చు మీద ఏది వేయాలి?

పోయిన పాఠంలో వినైల్ పలకని, అంటే నేల మీద వేసే ప్లాస్టిక్ పలకని, పొరలు పొరలుగా విప్పి చూశాం.

హైదరాబాద్‌లో గచ్చు కింద హీటింగ్ ఎవరు పెట్టించుకుంటారని మీకు అనిపించొచ్చు. ఇక్కడ దాదాపు ఎవరికీ అక్కర్లేదు. కానీ మన పిల్లలు చలి దేశాల్లో ఇళ్లు కొంటున్నారు, ప్రశ్న మాత్రం మన దగ్గరికే వస్తోంది. కూకట్‌పల్లిలో మా పక్కింటి ఆంటీ వాళ్లబ్బాయి ఇంగ్లండ్‌లో కొన్న ఇంట్లో గచ్చులో వేడినీళ్ల పైపులున్నాయట. "దాని మీద వినైల్ వేస్తే కరిగిపోదా బాబూ?" అని ఆవిడ ఫోన్ నా చేతిలో పెట్టారు. కరగదండీ. కానీ తప్పు రకం వేస్తే ఉబ్బుతుంది, అతుకులు విడిపోతాయి, లేదంటే వేడి పైకే రాదు.

కాబట్టి డిజైన్ చూసే ముందు డబ్బా వెనక్కి తిప్పండి. మెలికల గొట్టం, దాని మీద పైకి చూసే బాణాలు ఉన్న గుర్తు ఉందా? లేకపోతే ఆ డబ్బా పక్కన పెట్టేయండి. ఉంటే రెండు అంకెలు వెతకాలి.

మొదటిది ఉపరితల ఉష్ణోగ్రత. యూరప్ ప్రమాణం ఈఎన్ 1264 మనుషులు మసిలే గదుల్లో నేలకి 29 డిగ్రీల వరకు ఒప్పుకుంటుంది. వినైల్ కంపెనీలు మాత్రం చాలావరకు 27 దగ్గరే ఆపేస్తాయి. ఇది నేల పైభాగం వేడి, పైపులో నీళ్ల వేడి కాదు. నీళ్లు 40 డిగ్రీలున్నా పైన 27 లోపే ఉండొచ్చు.

రెండోది ఉష్ణ నిరోధం, అంటే వేడిని ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె. గచ్చు పైన వేసే పొరలన్నీ కలిపి 0.15 (యూనిట్ m²K/W) దాటకూడదు. బ్రిటన్ షాపుల్లో దీన్నే 1.5 టాగ్ అంటారు. ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే, అందుకే లెక్క వేసి చూద్దాం. పలక అంకె 0.03 అనుకోండి, హాయిగా సరిపోతుంది. అడుగు మెత్తగా ఉండాలని కింద 5 మిల్లీమీటర్ల మామూలు ఫోమ్ పరిచారు. మందాన్ని మీటర్లలో రాసి, ఫోమ్ వేడిని పంపే అంకె 0.04 తో భాగించండి: 0.005 ÷ 0.04 = 0.125. రెండూ కలిపితే 0.155. పలక పాసైంది, ఫోమ్ ఫెయిల్ చేసింది!

రకాల్లో నా ఓటు గ్లూతో అంటించే 2–3 మిల్లీమీటర్ల పలకకే. మధ్యలో గాలి ఉండదు, వేడి సూటిగా పైకొస్తుంది. గ్లూ మాత్రం వేడికి తట్టుకునేదే అడగాలి. సున్నపురాయి పొడి కలిసిన గట్టి ఎస్‌పీసీ క్లిక్ పలకలు (గ్లూ లేకుండా అంచులు ఒకదానిలో ఒకటి బిగించేవి) కూడా మంచివే. డబ్ల్యూపీసీ అనే రకానికి మధ్య పొర నురుగులా ఉంటుంది కనక వేడిని ఆపుతుంది. స్టిక్కర్‌లా అంటించే చవక రకం వద్దేవద్దు.

పలకలు క్లిక్‌వైతే గోడ చుట్టూ ఖాళీ తప్పనిసరి. దీన్ని నేను దెబ్బతిని నేర్చుకున్నాను. మియాపూర్‌లో పడమటి బాల్కనీ ఉన్న హాల్లో, అందంగా ఉంటుందని పలకల్ని గోడకి ఆనించేశాను. మే నెలలో ఫోన్ వచ్చింది. వెళ్లి చూస్తే అద్దం తలుపు ముందు రెండు పలకలు పెంకుటింటి కప్పులా లేచి ఉన్నాయి. స్కర్టింగ్ ఊడదీస్తే అంచు గోడ ప్లాస్టర్‌లోకి దిగబడి ఉంది. ఆ ఇంట్లో హీటింగ్ లేదు, ఉన్నది ఎండే. వేడి పైనుంచి వచ్చినా కిందనుంచి వచ్చినా వినైల్ సాగుతుంది. ఎంత వదలాలో కంపెనీ కాగితంలో ఉంటుంది, అంత ఖాళీ వదలండి.

ఆంటీ వాళ్లబ్బాయికి ఇంకో మాట చెప్పాను: వేసే ముందు రెండు రోజులు, వేశాక రెండు రోజులు హీటింగ్ ఆపాలి. తర్వాత రోజుకి కొన్ని డిగ్రీల చొప్పున పెంచాలి. మందపాటి తివాచీ పరిస్తే దాని కింద వేడి పోగవుతుంది.

ఈ వారం పని: ఏదైనా షాపుకి వెళ్లి మూడు రకాల డబ్బాల వెనక ఫోటోలు తీయండి. గుర్తు, ఉష్ణోగ్రత, నిరోధం పక్కపక్కన రాసుకోండి. 5వ పాఠంలో గచ్చులో తేమ కొలుస్తాం.