పొయ్యి వెలిగించే ముందు

ముందుగా బిడ్డ ఎక్కడుందో చూసుకోండి. పాకే వయసైతే మరొకరికి అప్పగించండి. చంకలో బిడ్డ, చేతిలో వేడి గిన్నె ఎప్పుడూ కలిసి ఉండకూడదు. నాకు అన్నిటికన్నా భయం దీని గురించే.

- గిన్నె పిడి గోడవైపు తిప్పండి.
- కెటిల్ తీగ గట్టు అంచున వేలాడకూడదు.
- బల్ల మీద పరిచిన గుడ్డ తీసేయండి. నడక నేర్చే బిడ్డ దాని కొసను పట్టుకునే లేస్తుంది. గుడ్డతోపాటు కప్పూ జారి ముఖం మీద ఒలుకుతుంది. కాచి పావుగంటైన టీ కూడా పసి చర్మాన్ని కాల్చగలదు.
- స్నానానికి చన్నీళ్లు ముందు, వేడినీళ్లు తర్వాత. మోచేతితో చూడండి.

ఒకవేళ ఒలికితే తడిసిన బట్టలు వెంటనే తీసేయండి, చర్మానికి అంటుకుంటే మాత్రం లాగకండి. కాలిన చోటును కుళాయి నీటి ధార కింద 20 నిమిషాలు ఉంచండి. మంచుగడ్డ, టూత్‌పేస్టు వద్దు. తర్వాత వైద్యుడికి చూపించండి.