రాబిట్‌ఎంక్యూ ప్లగిన్లు ముట్టుకునే ముందు: అప్‌గ్రేడ్ చేసేవాళ్లకు కొన్ని జాగ్రత్తలు

రాబిట్‌ఎంక్యూ అంటే అప్లికేషన్ల మధ్య మెసేజ్‌లు చేరవేసే బ్రోకర్, ప్లగిన్లు దానికి అదనపు సౌకర్యాలు చేర్చేవి. ఈ మధ్య తెలిసిన ఒక టీమ్‌లో జరిగిందిది. మానిటరింగ్ కోసం ప్రొమీథియస్ ప్లగిన్ (మెట్రిక్స్, అంటే పనితీరు లెక్కలు బయటికిచ్చేది) ఒక్కటి ఆన్ చెయ్యాలి, ఉన్న పని అంతే. ఆ పని చేసినతను సర్వర్‌లోకి వెళ్లి, రాబిట్‌ఎంక్యూ ప్లగిన్ల కమాండ్‌కి 'సెట్' అని ఇచ్చి పక్కన ప్రొమీథియస్ పేరు కొట్టాడు. ఎర్రర్ ఏమీ రాలేదు, మెట్రిక్స్ కూడా వచ్చేశాయి. కాసేపటికి మేనేజ్‌మెంట్ పేజీ తెరుచుకోవట్లేదని ఒకరు, షవల్ (మెసేజ్‌లని ఒకచోటినుంచి ఇంకోచోటికి తోసే ప్లగిన్) ఆగిపోయిందని ఇంకొకరు, ఆలస్యంగా వెళ్లాల్సిన మెసేజ్‌లు అసలు వెళ్లట్లేదని మరొకరు మొదలుపెట్టారు. మొదటి రెండూ ప్లగిన్లు మళ్లీ ఆన్ చెయ్యగానే దారిలోకొచ్చాయి. మూడోది రాలేదు. ఆ మెసేజ్‌లు పోయాయి, అంతే.

రాబిట్‌ఎంక్యూ వెర్షన్ 3.13 నుంచి 4 సిరీస్‌కి మారే పనిలో ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి, ప్లగిన్ల జోలికి వెళ్లని టీమ్ ఉండదు. బ్యాకప్ తీసుకో, ముందు టెస్ట్‌లో చూడు లాంటివి మీకు తెలుసు, అవి వదిలేస్తున్నా. చెప్పాలనుకున్నది ముఖ్యంగా ఒకటే.

ఒక్క ప్లగిన్ చేర్చడానికి 'సెట్' వాడొద్దు.

'ఎనేబుల్' ఉన్నవాటికి ఇంకోటి చేరుస్తుంది. 'డిసేబుల్' తీసేస్తుంది. 'సెట్' మాత్రం మీరిచ్చిన పేర్లనే మొత్తం జాబితాగా తీసుకుంటుంది, అందులో లేనివన్నీ ఆపేస్తుంది. పేరేమీ ఇవ్వకుండా 'సెట్' కొడితే ప్లగిన్లన్నీ ఆగిపోతాయి. 'నిజంగా చెయ్యమంటారా' అని అడగదు. ఇది లోపం కాదు, ఆటోమేషన్ కోసం పెట్టిన సౌకర్యం: పూర్తి జాబితా చేతిలో ఉండి, నోడ్ (నడుస్తున్న ఒక రాబిట్‌ఎంక్యూ సర్వర్) కచ్చితంగా దానిలాగే ఉండాలనుకునేవాళ్లకి పనికొస్తుంది. అర్ధరాత్రి టెర్మినల్‌లో ఒక్క పేరు గుర్తుపెట్టుకుని కొట్టేవాళ్లకోసం కాదు.

నష్టం ఎందుకు శాశ్వతమో కూడా తెలియాలి. డిలేయ్డ్ మెసేజ్ ఎక్స్‌ఛేంజ్ ప్లగిన్ తీసుకోండి. ఎక్స్‌ఛేంజ్ అంటే వచ్చిన మెసేజ్‌లని క్యూలకి (మెసేజ్‌లు వరసలో వేచి ఉండే చోట్లకి) పంచేది, ఈ ప్లగిన్ వాటిని చెప్పినంతసేపు ఆపి పంచుతుంది. గంట తర్వాత వెళ్లాల్సిన మెసేజ్ ఈ గంటసేపూ ఏ క్యూలోనూ ఉండదు. ఆ నోడ్ మీద ప్లగిన్ తనకోసం పెట్టుకున్న టేబుల్‌లో ఉంటుంది, అదీ ఒకటే కాపీ. క్యూల లెక్కలు చూసి 'అన్నీ ఖాళీగానే ఉన్నాయి కదా' అనుకోవడం అందుకే తప్పు. ప్లగిన్ ఆపితే ఇంకా వెళ్లని డిలేయ్డ్ మెసేజ్‌లన్నీ పోతాయని దాని డాక్యుమెంటేషన్‌లోనే హెచ్చరిక ఉంది. మళ్లీ ఎనేబుల్ చేస్తే ఎక్స్‌ఛేంజ్ పనిచేస్తుంది కానీ పాత మెసేజ్‌లు తిరిగి రావు. షవల్ అలా కాదు, దాని సెట్టింగ్‌లు బ్రోకర్‌లోనో కాన్ఫిగరేషన్ ఫైల్‌లోనో అలాగే ఉంటాయి కాబట్టి ఆన్ చెయ్యగానే మళ్లీ పని మొదలుపెడుతుంది. ఈ రెంటికీ తేడా తెలియకపోతే 'మొన్న షవల్ ఆపి పెట్టాం, ఏమీ కాలేదుగా' అనే ధైర్యం వస్తుంది. దాన్ని నమ్ముకోవద్దు.

ఇదే తప్పు ఇంకో వేషంలో కూడా వస్తుంది. ఏ ప్లగిన్లు ఆన్‌లో ఉండాలో ఎనేబుల్డ్ ప్లగిన్స్ అనే చిన్న ఫైల్‌లో రాసి ఉంటుంది. లినక్స్ ప్యాకేజీలో అయితే అది ఈటీసీ కింద రాబిట్‌ఎంక్యూ డైరెక్టరీలో ఉంటుంది. చాలాచోట్ల ఈ ఫైల్‌ని కంటైనర్ ఇమేజ్‌లోనో, కాన్ఫిగరేషన్ టూల్ టెంప్లేట్‌లోనో పెట్టేస్తారు. ఎప్పుడో ఎవరో లైవ్ నోడ్ మీద చేత్తో ఇంకో ప్లగిన్ ఎనేబుల్ చేసి ఉంటారు, టెంప్లేట్‌లో రాయరు. అప్‌గ్రేడ్ రోజు కొత్త ఇమేజ్ లేస్తుంది, టెంప్లేట్‌లో ఉన్న రెండే వస్తాయి, చేత్తో పెట్టింది మాయం. 'సెట్' అని ఎవరూ కొట్టలేదు కానీ జరిగింది అదే.

ముట్టుకునే ముందు

ప్రతి నోడ్ మీదా 'లిస్ట్' నడిపి అవుట్‌పుట్ ఫైల్‌లో దాచుకోండి. పక్కన ఇంగ్లీషు పెద్ద ఇ (E) ఉంటే ఎవరో కావాలని ఆన్ చేసింది, చిన్న ఇ (e) ఉంటే ఇంకో ప్లగిన్‌కి అవసరమై దానంతటది వచ్చింది. నక్షత్రం గుర్తు ఉంటేనే అది ఆ నోడ్‌లో ఇప్పుడు నడుస్తున్నట్టు. ఇ ఉండి నక్షత్రం లేకపోతే అక్కడే ఆగి కారణం కనుక్కోండి. డెఫినిషన్స్ ఎక్స్‌పోర్ట్ (బ్రోకర్‌లో ఏమేం పెట్టుకున్నామో ఫైల్‌లోకి తీసేది) ఉంది కదా, లిస్ట్ ఎందుకని అడగొద్దు. అందులో క్యూలు, ఎక్స్‌ఛేంజ్‌లు, యూజర్లు, పాలసీలు వస్తాయి. మెసేజ్‌లు రావు, ప్లగిన్ల జాబితా కూడా రాదు.

క్లస్టర్ (కలిసి పనిచేసే నోడ్ల గుంపు) అయితే ఇంకా జాగ్రత్త. ఒక నోడ్‌లో ఎనేబుల్ చేస్తే మిగతా నోడ్లకి పాకదు. ప్రతి నోడ్ మీదా విడిగా చెయ్యాలి.

చేసేటప్పుడు

కమాండ్ అవుట్‌పుట్‌లో చివరి లైన్ చదవండి. నోడ్ అందకపోతే ఈ టూల్ ఫైల్ ఒక్కటే మార్చి, ఆఫ్‌లైన్ మార్పు, రీస్టార్ట్ తర్వాత అమల్లోకి వస్తుంది అని చెప్పి ఊరుకుంటుంది. ఎర్లాంగ్ కుకీ (టూల్, నోడ్ ఒకదాన్నొకటి గుర్తుపట్టడానికి వాడే రహస్య కీ) కలవకపోయినా నోడ్ అందదు. ఇప్పుడేమీ జరగలేదని మీరు మర్చిపోతారు, ఎప్పుడో సంబంధంలేని రీస్టార్ట్‌లో అది బయటపడుతుంది, అప్పుడు డ్యూటీలో ఉన్నవాడికి టెన్షన్. నోడ్ నడుస్తోందని మీకు తెలిస్తే ఆన్‌లైన్ ఫ్లాగ్ ఇవ్వండి, అందకపోతే ఎర్రర్‌గా చెబుతుంది.

డిసేబుల్ చేసేటప్పుడు దానిమీద ఆధారపడినవి కూడా ఆగిపోతాయి. వెబ్ డిస్పాచ్ పేరు చూసి 'ఇది మనకెందుకు' అని తీసేస్తే మేనేజ్‌మెంట్, ప్రొమీథియస్ దానితోపాటే వెళ్తాయి.

ఇక మిగతావి వరసగా, గుర్తొచ్చినట్టు చెప్పేస్తున్నా.

- ఎనేబుల్డ్ ప్లగిన్స్ ఫైల్‌ని చేత్తో దిద్దొద్దు. తప్పదంటే చివర చుక్క మర్చిపోవద్దు. అది ఎర్లాంగ్ (రాబిట్‌ఎంక్యూని రాసిన భాష) పద్ధతిలో రాసిన డేటా, చుక్క లేకపోతే నోడ్ లేవదు.
- ఆ ఫైల్‌ని రాబిట్‌ఎంక్యూ యూజర్ చదవగలగాలి. రూట్‌గా కాపీ చేసి పర్మిషన్ చూడకుండా వదిలేస్తే అప్పుడూ నోడ్ లేవదు.
- బయటనుంచి తెచ్చిన ప్లగిన్ వెర్షన్ బ్రోకర్ వెర్షన్‌కి సరిపోవాలి. 3.13 కి తెచ్చిన ఫైల్ 4 కి కూడా సరిపోతుందనుకోవద్దు.
- వాటిని వెర్షన్ నంబర్ పేరులో ఉన్న డైరెక్టరీలో పెట్టొద్దు. అప్‌గ్రేడ్‌తో ఆ డైరెక్టరీ మారిపోతుంది, మీ ప్లగిన్ కొత్తదాంట్లో ఉండదు. నోడ్ ఏ డైరెక్టరీలు చూస్తోందో 'డైరెక్టరీస్' సబ్‌కమాండ్ చెబుతుంది.
- ఎంక్యూటీటీ, స్టాంప్ అనేవి వేరే ప్రోటోకాల్స్‌తో మాట్లాడే క్లయింట్ల కోసం ఉన్న ప్లగిన్లు. ఎంక్యూటీటీ ఆన్ చేస్తే 1883, స్టాంప్ ఆన్ చేస్తే 61613 పోర్ట్ తెరుచుకుంటుంది. ఫైర్‌వాల్ ముందు, ఎనేబుల్ తర్వాత.
- ఎంక్యూటీటీని పగటిపూట డిసేబుల్ చెయ్యొద్దు. కనెక్ట్ అయి ఉన్న క్లయింట్లన్నీ తెగిపోతాయి.
- డిలేయ్డ్ ఎక్స్‌ఛేంజ్ వాడుతుంటే, దానిలోకి పబ్లిష్ చెయ్యడం ముందు ఆపండి, పెట్టిన ఆలస్యాల్లో అన్నిటికన్నా పెద్దది గడిచేదాకా ఆగండి, ఆ తర్వాతే ముట్టుకోండి. ఆగే టైమ్ లేదా? అయితే ఈరోజు చెయ్యొద్దు.
- స్క్రిప్ట్‌లో 'సెట్' ఉంటే పూర్తి జాబితా ఆ స్క్రిప్ట్‌లోనే ఉండాలి. వేరియబుల్ నుంచి తీసుకోవద్దు. ఆ వేరియబుల్ ఖాళీగా వస్తే ఏమవుతుందో పైన చెప్పాను.
- పాత నోట్స్‌లోంచి 'సెట్' ఉన్న లైన్ కాపీ చెయ్యొద్దు. అది ఆనాటి జాబితా.
- ఒక్కటి చేర్చాలంటే 'ఎనేబుల్'. మళ్లీ చెప్తున్నా, 'ఎనేబుల్'.
- అయిపోయాక మళ్లీ 'లిస్ట్', ప్రతి నోడ్ మీదా, దాచుకున్న పాతదానితో డిఫ్ కొట్టి తేడాలు చూడండి.

ఇప్పటికే 'సెట్' కొట్టేశారా? నోడ్ రీస్టార్ట్ చెయ్యొద్దు, దానివల్ల ఏదీ తిరిగిరాదు. దాచుకున్న లిస్ట్ తీసి, పోయినవాటిని 'ఎనేబుల్'తో ఒక్కొక్కటిగా పెట్టండి. డిలేయ్డ్ మెసేజ్‌ల కోసం బ్రోకర్‌లో వెతకొద్దు, అక్కడ లేవు. పంపిన అప్లికేషన్ డేటాబేస్‌లోనో లాగ్‌లోనో ఏవేవి వెళ్లాల్సి ఉందో తీసి మళ్లీ పబ్లిష్ చెయ్యాలి. గడువు దాటినవి ఉంటాయి, కొన్నిటిని ఇప్పుడు పంపితే కొత్త నష్టం. ఏవి పంపాలో ఆ అప్లికేషన్ రాసినవాళ్లని కూర్చోబెట్టుకుని తేల్చండి.